పాత బాడీ, కొత్త ఛాసిస్: వాహనాల రిజిస్ట్రేషన్ నిబంధనలు

ఒక బండి బాడీని విప్పి, దానికంటే తర్వాతి కాలంలో తయారైన మరో బండి ఛాసిస్ మీద బిగిస్తే, అలా తయారైన బండిని ఏ పేరుతో, ఏ సంవత్సరంతో, ఏ నంబరుతో నమోదు చేయాలన్నది రవాణా చట్టాల్లో పాత చిక్కు. చూసేవాళ్లకు బండి అంటే బాడీ. రిజిస్టరు రాసే గుమాస్తాకు బండి అంటే ఛాసిస్. వీధిలో అందరూ 1960 నాటి ల్యాండ్ రోవర్ అనుకునేది కాగితం మీద 1988 నాటి రేంజ్ రోవర్ కావచ్చు. ఈ రెండు చూపుల తేడా నుంచే ఇక్కడ చెప్పుకోబోయే నిబంధనలన్నీ పుట్టాయి. ఈ విషయాన్ని అంకెలు వేసి మరీ తేల్చడానికి ప్రయత్నించిన దేశం బ్రిటన్. భారతదేశంలో చట్టం ఒక్క వాక్యంతో తలుపు మూసింది గాని, లారీల దగ్గరికి వచ్చేసరికి ఆ తలుపుకు పక్కదారి ఉంది.

బాడీ ఎక్కడ విడిపోతుంది

మన లారీ షెడ్లలో ‘చాసీ’ అనే ఈ భాగం చూడటానికి పడుకోబెట్టిన నిచ్చెనలా ఉంటుంది. రెండు పొడవాటి ఉక్కు పట్టీలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు, స్ప్రింగులు, స్టీరింగు అన్నీ దీన్నే పట్టుకుని ఉంటాయి. బాడీ పైన కూర్చుంటుంది, అంతే. జీపులో బోల్టులతో బిగిస్తారు. లారీలో ఛాసిస్‌కూ బాడీకీ మధ్య పొడవునా చెక్క వేసి యూ బోల్టులతో కట్టేస్తారు. ఆ బోల్టులు విప్పి క్రేనుతో ఎత్తితే బాడీ మొత్తం ఒక్క ముక్కగా పైకి లేస్తుంది.

అన్ని బండ్లూ ఇలా విడిపోవు. అంబాసిడర్, మారుతి 800 వంటి కార్లలో విడి ఛాసిస్ ఉండదు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెంకు. దీన్ని మోనోకాక్ అంటారు. అక్కడ బాడీ మార్చడమంటే బండినే మార్చడం. అందుకని ఈ గొడవ ప్రధానంగా జీపులు, లారీలు, బస్సులు, ల్యాండ్ రోవర్లు, పాత అమెరికన్ పికప్పుల చుట్టూ తిరుగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ రెండింటికీ మధ్య రకం. దాని బాడీ రేకు నేల మీద బోల్టులతో నిలుస్తుంది కాబట్టి విప్పవచ్చు.

ఛాసిస్ నంబరును ఉక్కు మీదే పంచ్ కొడతారు. బాడీ మీద ఉండేవి చాలావరకు రివెట్లు కొట్టిన రేకు ప్లేట్లు. రివెట్ ఊడగొడితే ప్లేటు చేతికొస్తుంది. దేని నంబరును నమ్మాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చట్టాలు ఛాసిస్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

విడి భాగాల్లో బండి ఎక్కడుందన్న ప్రశ్న మోటార్లు పుట్టకముందే ఉంది. ‘మిలింద పన్హ’ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిలింద రాజును ఇదే అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, చట్రం రథమా? ఏదీ విడిగా రథం కాదనీ, అన్నీ కలిసినప్పుడు వాడుకలో పెట్టుకున్న పేరే రథమనీ అక్కడ తేలుతుంది. తత్త్వానికి అది చాలు. పన్ను వసూలు చేసే శాఖకు చాలదు.

బ్రిటన్‌లో సమస్య ఎందుకు ముదిరింది

ల్యాండ్ రోవర్ 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో బయటికొచ్చింది. యుద్ధం ముగిసిన కొత్తలో బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్ ఉండేది. అందుకని బాడీని అల్యూమినియం మిశ్రమంతో చేశారు, ఛాసిస్‌ను మాత్రం ఉక్కుతోనే. ఈ జోడింపు తర్వాతి తగాదాలన్నిటికీ బీజం. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్లు ఛాసిస్ పట్టీల్లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. అల్యూమినియం బాడీకి మాత్రం ఆ తుప్పు బెడద లేదు. ఇరవై ముప్ఫై ఏళ్లు గడిచేసరికి పైన బాడీ నిక్షేపంగా, కింద ఛాసిస్ జల్లెడలా మిగులుతుంది. అలాంటి బండి ఉన్న మనిషి సహజంగానే వేరే ఛాసిస్ కోసం వెతుకుతాడు.

అదే కంపెనీ 1970లో రేంజ్ రోవర్‌ను దించింది. దాని ముందూ వెనకా చక్రాల మధ్య దూరం 100 అంగుళాలు. పాత ల్యాండ్ రోవర్‌లో పట్టా స్ప్రింగులుంటే దీనిలో కాయిల్ స్ప్రింగులు, దాంతో ప్రయాణం సుఖం. పాతబడిన రేంజ్ రోవర్లలో పైరేకులు పాడై, కింద భాగం గట్టిగా ఉన్నవి చవగ్గా దొరికేవి. పైది బాగున్న బండి, కిందది బాగున్న బండి పక్కపక్కన ఉంటే మెకానిక్ ఊరుకుంటాడా? 1950, 60ల ల్యాండ్ రోవర్ బాడీలు రేంజ్ రోవర్ ఛాసిస్‌ల మీదికి ఎక్కాయి. ఇలాంటి వాటిని అక్కడి వాళ్లు హైబ్రిడ్లు అంటారు. బ్యాటరీ కార్లతో ఈ మాటకు సంబంధం లేదు.

ఇంతవరకూ గ్యారేజీ గొడవ. దీన్ని చట్టం గొడవగా మార్చింది పన్ను. 1973కు ముందు తయారైన బండ్లకు రోడ్డు పన్ను లేదన్న గీత బ్రిటన్‌లో చాలాకాలం నడిచింది. 2014 నుంచి 40 ఏళ్లు నిండిన బండికి పన్ను ఉండదు. 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్ల బండికి ఏటేటా చేయించాల్సిన ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పింది. లండన్ కాలుష్య రుసుము మినహాయింపు కూడా ఈ వయసు వాటికి ఉంది. అంటే 1960 నంబరు ప్లేటు ఒక ఆస్తి. 1988 ఛాసిస్ మీద ఆ ప్లేటు తగిలిస్తే ఏటా డబ్బు మిగులుతుంది, పరీక్ష బెడద ఉండదు. తుక్కు బండి కాగితాలతో దొంగబండిని నడిపే పద్ధతికి కూడా ఇదే దారి. నిజాయతీగా బండి బాగుచేసుకునే మనిషికీ దొంగకీ మధ్య గీత గీయక తప్పని పరిస్థితి వచ్చింది.

ఎనిమిది పాయింట్ల లెక్క

బ్రిటన్‌లో వాహనాల రిజిస్టరు వేల్స్‌లోని స్వాన్సీలో ఉన్న డీవీఎల్‌ఏ అనే సంస్థ చేతిలో ఉంటుంది. బాగా మార్చిన బండ్ల కోసం ఈ సంస్థ చాలా ఏళ్లు నడిపిన పద్ధతి మన పరీక్షల మార్కుల్లా ఉండేది. అసలు ఛాసిస్ గాని, అదే నమూనాలో కొత్తగా తయారై ఎక్కడా కోయని ఛాసిస్ గాని ఉంటే 5 పాయింట్లు. ముందూ వెనకా సస్పెన్షన్ అసలుదైతే 2, రెండు ఇరుసులకు 2, గేర్‌బాక్సు వగైరాకు 2, స్టీరింగుకు 2, ఇంజనుకు 1. మొత్తం 14. బండి పాత నంబరు నిలవాలంటే కనీసం 8 రావాలి, ఆ ఎనిమిదిలో ఛాసిస్ 5 తప్పకుండా ఉండాలి.

విడి ఛాసిస్ ఉన్న బండికి ఈ పట్టికలో బాడీ గడే లేదు. మనిషి ముఖం చూసి గుర్తుపడితే రిజిస్టరు వెన్నెముక చూసి గుర్తుపట్టింది.

ఒక బండిని లెక్కకట్టి చూద్దాం. 1960 ల్యాండ్ రోవర్ బాడీని 1988 రేంజ్ రోవర్ ఛాసిస్ మీద, ఛాసిస్‌ను ఎక్కడా కోయకుండా, కింది భాగాలేవీ మార్చకుండా బిగించారు. రేంజ్ రోవర్ పక్షాన 14కి 14. ల్యాండ్ రోవర్ పక్షాన సున్నా. కాబట్టి ఇది 1988 రేంజ్ రోవర్. దాని నంబరే ఉంటుంది, రిజిస్ట్రేషన్ పత్రమైన లాగ్‌బుక్కులో బాడీ రకం మాత్రం మార్చి రాయించుకోవాలి. యజమాని సరదాపడి పాత 1960 ఇంజనును కూడా ఎక్కించాడనుకోండి. రేంజ్ రోవర్‌కు ఒక పాయింటు తగ్గి 13 అవుతుంది, ల్యాండ్ రోవర్‌కు 1 వస్తుంది. ఫలితం మారదు.

అసలు ఇరకాటం పొడవు దగ్గర వస్తుంది. 1960 ల్యాండ్ రోవర్ పొట్టి రకానికి చక్రాల మధ్య దూరం 88 అంగుళాలు, రేంజ్ రోవర్‌కు 100. బాడీ సరిగ్గా కూర్చోవాలంటే ఛాసిస్‌లో 12 అంగుళాలు కోసి మళ్లీ అతకాలి. కోత పడగానే ఛాసిస్ 5 పాయింట్లు పోయేవి. మిగిలేవి 9. ఎనిమిదికి మించే ఉన్నాయి కదా అని వాదిస్తే కుదరదు, తప్పనిసరి సబ్జెక్టులో తప్పిన విద్యార్థి మొత్తం మార్కులు ఎన్నున్నా తప్పినట్టే. అప్పుడు ఆ బండి ల్యాండ్ రోవరూ కాదు, రేంజ్ రోవరూ కాదు. దానికి ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇచ్చేవారు.

క్యూ నంబరు 1983లో వచ్చింది. వయసు గాని, పుట్టుక గాని తేల్చలేని బండి అని దాని అర్థం. దానికన్నా ముందు ఐవీఏ అనే విడి ఆమోద పరీక్ష నెగ్గాలి. 2009లో, అంతకుముందున్న ఎస్‌వీఏ స్థానంలో ఈ పరీక్షను పెట్టారు. బయటికి పొడుచుకొచ్చిన అంచులు ఒక హద్దు దాటి పదునుగా ఉండకూడదని ఇందులో ఒక షరతు. 1950ల ల్యాండ్ రోవర్ అంటేనే బల్లపరుపు రేకులు, మూలలు, బయటికి కనిపించే మడతబందులు. అంచు అంచుకూ రబ్బరు తొడుగుతూ కూర్చోవాలి. క్యూ నంబరు పడ్డ బండికి అమ్మకం ధర కూడా పడిపోతుంది. అందుకే చాలామంది ఛాసిస్ కోసిన సంగతి చెప్పకుండా పాత ప్లేటుతోనే తిరిగారు. బయటపడినప్పుడు నంబరు పోగొట్టుకున్నారు.

మరి ఛాసిస్ తుప్పు పట్టిపోయిన నిజాయతీపరుడి గతేమిటి? అతనికి దారి ఉంది. పాత ల్యాండ్ రోవర్ నమూనాలోనే, జింకు పూత పూసిన కొత్త ఛాసిస్‌లను తయారుచేసి అమ్మే సంస్థలు బ్రిటన్‌లో ఉన్నాయి. కొలత మారదు, కోత ఉండదు. కొన్న రశీదు చూపిస్తే ఆ 5 పాయింట్లూ నిలిచేవి. పాత బాడీని కొత్త ఛాసిస్ మీద పెట్టడం నేరమేమీ కాదు. వేరే రకం ఛాసిస్ మీద పెట్టి పాత పేరు చెప్పుకోవడమే తప్పు. ఈ తేడా తెలియక భయపడినవాళ్లూ ఉన్నారు, తెలిసి వాడుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంకో చిన్న దారి పునర్నిర్మిత క్లాసిక్‌లది. ఒకే రకం బండ్లు రెండు మూడింటి నుంచి భాగాలు ఏరి ఒక బండిని కూర్చవచ్చు. భాగాలన్నీ 25 ఏళ్లు దాటినవై ఉండాలి, ఆ రకం బండికి చెందినవే కావాలి, ఆ బండి యజమానుల క్లబ్బు స్వయంగా చూసి ధ్రువీకరించాలి. అప్పుడు వయసుకు తగ్గ నంబరు ఇస్తారు.

మార్కుల పద్ధతి మీద పాత బండ్ల ప్రేమికులు ఎప్పుడూ గొణుగుతూనే ఉన్నారు. తుప్పు పట్టిన చోట ఒక ముక్క అతికినా ‘మార్చిన ఛాసిస్’ అవుతుందా అన్నది వాళ్ల బాధ. ప్రభుత్వం 2024లో అభిప్రాయాలు సేకరించింది. 2025 ఆగస్టు 26 నుంచి కొత్త విధానం అమల్లోకి వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టుగా బాగుచేస్తే, రూపం మారకుండా లాగ్‌బుక్కు వివరాలు తేడా రాకుండా ఉంటే, ఇక తెలియజేయనక్కర్లేదు. నిర్మాణంలో పెద్ద మార్పులు చేసిన బండి కూడా తన నంబరునూ గుర్తింపునూ నిలుపుకోవచ్చు, కాని ఆ మార్పులను రిజిస్టరుకు తప్పకుండా చెప్పాలి. ఇంజను తీసి బ్యాటరీ పెట్టుకునేవాళ్లకు కూడా దీనివల్ల ఊరట. దాచడమే లాభసాటిగా ఉన్న పద్ధతి కన్నా చెప్పుకోవడం తేలికైన పద్ధతి మేలని నాకనిపిస్తుంది.

కోర్టు చూసిన తీరు

పట్టికకు అందని చోట కోర్టు ఏమనుకుంటుందో 1990 నాటి ఒక బెంట్లీ కేసు చెబుతుంది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే ఆ రేసు కారు 1929, 1930లలో వరసగా రెండుసార్లు లె మాన్స్ పందెం గెలిచింది. ఆ తర్వాత ఇంజను మారింది, ఛాసిస్ మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది ఘోర ప్రమాదానికి గురైంది, నడిపిన మనిషి చనిపోయాడు. తర్వాత వేరే బాడీ కట్టారు. దీన్ని కోటి పౌండ్లకు కొనేందుకు ఒప్పుకున్న సంస్థ, 1929 నాటి ముక్కలు ఇందులో నామమాత్రమేనని చెప్పి వెనక్కు తగ్గింది. అమ్మకందారు కోర్టుకెక్కాడు.

జస్టిస్ ఆటన్ తీర్పు అమ్మకందారుకు అనుకూలంగా వచ్చింది. భాగాలు ఎన్ని మారినా బండి చరిత్ర ఎక్కడా తెగలేదని, ఫలానా రోజు పాత బండి పోయి కొత్తది పుట్టిందని చెప్పగల క్షణమేదీ లేదని న్యాయమూర్తి భావించారు. మొదట తయారైన రూపంలో లేకపోయినా అది ఆ బండే. గమనించాల్సింది ఏమిటంటే, ఇది అమ్మకపు ఒప్పందం మీద తీర్పు, రిజిస్ట్రేషన్ మీద కాదు. కాని రెండు పాత బండ్లను ఒకేరోజు విప్పి కలిపేసిన హైబ్రిడ్‌కూ, అరవై ఏళ్ల పాటు ఒక్కో భాగం మారుతూ వచ్చిన బండికీ తేడా ఎందుకుండాలో ఈ తీర్పు చక్కగా విడమరుస్తుంది.

అమెరికా, జర్మనీ

అమెరికాలో 1950ల పికప్ బాడీని 1980ల షెవర్లే ఎస్-10 ఛాసిస్ మీద ఎక్కించడం పెరటి షెడ్లలో జరిగే మామూలు పని. రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతిలో ఉంటుంది కాబట్టి ఒకచోట నడిచేది ఇంకోచోట నడవదు. కాలిఫోర్నియాలో సొంతంగా కట్టుకున్న బండ్లకు ఏడాదికి 500 చొప్పున పొగ పరీక్షలో వెసులుబాటు పత్రాలు ఇస్తారు, ముందు వచ్చినవాళ్లకు ముందు. గుర్తింపు నంబరు ప్లేటు పీకి మరో బండికి అంటించడం మాత్రం దేశమంతటా ఫెడరల్ నేరం, అయిదేళ్ల వరకూ జైలు. జర్మనీలో 30 ఏళ్లు దాటిన బండికి 1997 నుంచి చారిత్రక వాహనమని చెప్పే ‘హెచ్’ ప్లేటు ఉంది. మార్పులు చేసినా అవి ఆ కాలానికి తగినవి కావాలి.

భారతదేశంలో

మోటారు వాహనాల చట్టం, 1988లో ‘మోటారు వాహనం’ నిర్వచనంలోనే ఒక మాట ఉంది: బాడీ కట్టని ఛాసిస్ కూడా మోటారు వాహనమే. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకప్పటి జాతీయ రహదారి మీద నిలబడితే తెలిసేది. జంషెడ్‌పూర్ నుంచో హోసూరు నుంచో కొత్త ఛాసిస్‌లు వరసగా వచ్చేవి. క్యాబిన్ లేదు, అద్దం లేదు. చెక్కపెట్టె మీద కూర్చుని, తలకూ ముఖానికీ తుండు చుట్టుకుని డ్రైవర్ తోలుకొచ్చేవాడు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వాటికి బాడీ కట్టేవారు. బాడీ లేకుండానే బండి రోడ్డెక్కుతుంటే చట్టం దాన్ని బండి కాదని ఎలా అంటుంది? షెడ్డులో బాడీ కట్టించుకుంటున్న ఛాసిస్‌కు తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు పొడిగించే వీలు కూడా చట్టంలోనే పెట్టారు. కట్టడం అయ్యాక ఫారం 22-ఏ లో తయారీదారు ఒక భాగం, బాడీ కట్టినవారు రెండో భాగం నింపి సంతకం చేయాలి. బస్సు బాడీలకు ఏఐఎస్-052 అనే ప్రమాణం ఉంది.

బండి తిరగడం మొదలయ్యాక కథ మారుతుంది. 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పునే చట్టం ‘మార్పు’ అంటుంది. కేరళ నుంచి వెళ్లిన జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. తయారీదారు నమూనాకు ఆమోదం పొందిన వివరాలను దాటి మార్చడం కుదరదని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. సీఎన్‌జీ, బ్యాటరీ వంటి ఆమోదిత కిట్లకు చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఈ లెక్కన పాత విల్లీస్ జీపు బాడీని తర్వాతి కాలపు మహీంద్రా ఛాసిస్ మీద ఎక్కిస్తే ఇటూ తప్పే, అటూ తప్పే. మహీంద్రా ఆర్‌సీతో తిప్పితే బాడీ వివరం తేడా. విల్లీస్ ఆర్‌సీతో తిప్పితే ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ తేడా, అది ఫోర్జరీ దాకా వెళ్లే వ్యవహారం. పంజాబ్, హర్యానా సరిహద్దులోని దబ్వాలీలో జీపులను కొత్త రూపాల్లోకి మార్చే షెడ్లు పేరుపొందాయి. అక్కడి నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న జీపును తెలుగు రాష్ట్రాల్లో నమోదు చేయించబోయి ఇరుక్కునేది ఈ సందులోనే.

ఇరుక్కునే పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. మన జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబడుతుంది. ఛాసిస్ మీద నంబరున్న చోట తుప్పూ గ్రీజూ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం అద్ది, పెన్సిలుతో మెల్లగా రుద్దుతారు. నల్లటి మసక మధ్య తెల్లగా అంకెలు తేలతాయి. ఆ కాగితం ముక్కను దరఖాస్తుకు అంటిస్తారు. అంకెల్లో ఒక్కటి గీసినట్టున్నా, లోతు తేడాగా ఉన్నా, పక్కన వెల్డింగ్ మచ్చ కనిపించినా ఫైలు అక్కడే ఆగుతుంది. పైనున్న బాడీ ఎంత అందంగా ఉందో ఎవరూ అడగరు.

లారీల సంగతి వేరని మొదట్లోనే అన్నాను. పాల ట్యాంకరు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు గాని, గ్యాస్ బుల్లెట్ ట్యాంకు గాని, కింద లారీ కన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. లారీ పాతబడగానే ట్యాంకును ఎత్తి కొత్త ఛాసిస్ మీద పెట్టుకోవడం రవాణా వ్యాపారంలో మామూలే. అచ్చంగా పాత బాడీ, కొత్త ఛాసిస్. చట్టం దీనికి అడ్డురాదు, ఎందుకంటే కొత్త ఛాసిస్‌కు ఇంకా పర్మనెంట్ రిజిస్ట్రేషన్ జరగలేదు. కొత్త బండికి మొదటిసారి కట్టిన బాడీగానే అది రికార్డుల్లోకి వెళుతుంది. పాత లారీ ఆర్‌సీని మాత్రం విడిగా తేల్చుకోవాలి. గ్యాస్ ట్యాంకు అయితే నాగపూర్ కేంద్రంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో నుంచి కూడా మళ్లీ అనుమతి కావాలి. అప్పటికే నమోదై తిరుగుతున్న లారీకి బాడీ రకం మార్చాలంటే మాత్రం ఆర్టీఓ ముందస్తు అనుమతి, రుసుము, మళ్లీ తనిఖీ తప్పవు.

ఇంకో తేడా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో మోసం జరిగేది బండిని ముసలిదిగా చూపడానికి. మన దగ్గర బండి ముసలిదైతే లాభం లేదు. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్, హరిత పన్ను, మళ్లీ నమోదు. కార్ల పునర్నమోదు రుసుమే 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అందుకని ఇక్కడి ఆశ బండిని పడుచుదిగా చూపడం మీద ఉంటుంది. ఒకే చట్రం, ఒకే బోల్టులు, ఆశ మాత్రం ఎదురు దిశల్లో.

నిజంగా పాతదాన్ని పాతదిగా ఉంచుకునేవారి కోసం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు ఇవి వర్తిస్తాయి. రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అనే అక్షరాలతో విడి నంబరు, పదేళ్ల చెల్లుబాటు, కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000. ప్రదర్శనలకూ, పాత కార్ల ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ఛాసిస్‌ను గాని, బాడీ పెంకును గాని, ఇంజనును గాని మార్చి ఉంటే ఈ నంబరు రాదు. అంటే ఇక్కడ బాడీకి కూడా ఛాసిస్‌తో సమానమైన గడి దొరికింది. తాతగారి జీపు బాడీని జాగ్రత్తగా దాచి, కింద మాత్రం కొత్త ఛాసిస్ పెట్టుకున్నవారు ఈ దరఖాస్తు పెట్టబోయే ముందు ఆ నిర్వచనం ఒకసారి చదువుకోవడం మంచిది. పాత ఛాసిస్‌ను తుక్కు కింద అమ్మకుండా షెడ్డు మూల పడేసి ఉంటే ఇంకా మంచిది, తిరిగి బిగించుకోవచ్చు.